అమ్మోరి పండక్కి పాసులెందుకు?

నాతవరం పేరు పత్రికల్లో ఎప్పుడు కనిపిస్తుంది? లేటరైట్ తవ్వకాల మీద గొడవ రేగినప్పుడు. తాండవ రిజర్వాయర్ నిండినప్పుడో, ఎండినప్పుడో. ఎన్నికలొచ్చినప్పుడు. ఈ మండలంలో మనుషులున్నారనీ, వాళ్లకో పండగ ఉందనీ, ఆ పండక్కి ఓ పద్ధతి ఉందనీ ఎవడికీ పట్టదు. అందుకే ఈ వారం పండగ గురించే రాస్తున్నాను. ఉద్యమ పత్రికలో పండగ ముచ్చట్లేమిటి, దానికి భక్తి అనుబంధాలున్నాయి కదా అనే మిత్రులు కొంచెం ఓపిక పట్టండి. ఇది భక్తి వ్యాసం కాదు. ఎవరి పండగను ఎవరు గుంజుకుపోతున్నారనే లెక్క.

మా నాయనమ్మ మోకాళ్ల నొప్పులతో చివరి ఆరేళ్లు గుమ్మం దాటలేదు. అమ్మోరి పండగ చాటింపు వినపడిన రాత్రి నుంచీ ఆవిడ పడుకునేది కాదు. అరుగు మీద గోడకి చేరగిలబడి కూర్చునేది. దూరంగా డప్పు మోగితే చెవి అటు పెట్టేది. ఘటం ఏ వీధిలో తిరుగుతుందో, ఎవరింటి ముందు ఆగిందో ఆ దరువును బట్టి చెప్పేది. మా గుమ్మం ముందుకు రాగానే మా అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఘటం ఎత్తుకున్న మనిషి కాళ్లు కడిగేది. చేటలో బియ్యం, పసుపు కుంకుమ, హారతి. నాయనమ్మ కూర్చున్న చోటు నుంచి లేవకుండానే దండం పెట్టుకునేది. ఆమె లేవలేదని అమ్మోరు కోప్పడిందని ఎవరూ అనలేదు. లేవలేని మనిషి దగ్గరికి అమ్మోరే వచ్చింది. మన పల్లెల్లో పండగ అంటే మొదట ఇది. భక్తుడు దేవత దగ్గరికి పోవడం తర్వాత. ముందు దేవత ఇల్లిల్లూ తిరుగుతుంది.

పట్నంలో పుట్టి పెరిగిన మన పిల్లలకు తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. మన విశాఖ పల్లెల్లో గానీ, విజయనగరం, శ్రీకాకుళం వైపు గానీ ఊరి పండగ ఒక్కరోజు ముచ్చట కాదు. ముందు చాటింపు. తర్వాత రాత్రుళ్లు ఘటాల ఊరేగింపు. పండగ ముందురోజు తొలేళ్లు. ఆ రాత్రి ఊరు ఊరంతా మేలుకుంటుంది. తెల్లారితే పండగ. ఆడవాళ్లు కొత్త కుండల్లో పసుపు నీళ్లు పోసి, వేపమండలు వేసి, నెత్తిన పెట్టుకుని బారులు తీరతారు. వీటినే ముర్రాటలంటాం. అమ్మోరి మీద ఆ చల్లని నీళ్లు పోస్తే ఊళ్లో వేడి తగ్గుతుందని నమ్మకం. మశూచి, కలరా ఊళ్లను తుడిచిపెట్టిన రోజుల నుంచి వచ్చిన భయం అది, ఆ భయంలోంచి పుట్టిన ఆచారం అది. చద్ది నైవేద్యం పెడతారు. మొక్కున్నవాళ్లు కోడినో మేకనో ఇస్తారు. చివర అనుపు. పుట్టింటికొచ్చిన ఆడపడుచును సారె పెట్టి సాగనంపినట్టు అమ్మోరిని పొలిమేర దాకా సాగనంపడం. ఏడ్చే ఆడవాళ్లుంటారు ఆ వేళ. దేవతను చూసి భయంతో ఏడవడం కాదు, కూతురు వెళ్లిపోతోందని.

ఇంతలో ఎంతమంది చెయ్యి పడుతుందో చూడండి. ఘటం చేసేది కుమ్మరి. దివిటీ పట్టేది, దారిలో చీర పరిచేది రజకులు. డప్పు కొట్టేది దళితవాడ. ఉయ్యాల కొయ్య చెక్కేది వడ్రంగి. యాదవులు తప్పెటగుళ్లు గుండెలకు కట్టుకుని ఆడితే ఊరి మట్టి లేస్తుంది. జముకులవాళ్లు వస్తే తెల్లవార్లూ కథ. కర్రసాము చేసే కుర్రాళ్లు, కోలాటం వేసే గుంటలు, పులి వేషం కట్టే మనిషి. అమ్మోరి దగ్గర పూజారి చాలా ఊళ్లలో ఏ వేదపాఠశాలలోనూ చదవలేదు, ఆ ఊరి రైతు కుటుంబం మనిషే. సంస్కృతం అక్కర్లేదు. అమ్మోరికి మన భాష వచ్చు.

ఇంకో మాట. మన ప్రాంతంలో వలస ఎంత ఉందో తెలుసుకోవాలంటే సర్వేలు చదవనక్కర్లేదు. పండగ ముందు మూడు రోజులు నర్సీపట్నం బస్టాండులో నిలబడితే చాలు. హైదరాబాదులో అపార్టుమెంటుకు కాపలా కాసేవాడు, చెన్నైలో తాపీపని చేసేవాడు దిగుతారు. అటు తీరంలో అయితే గుజరాత్ వేరావల్ పడవల మీద వేటకు పోయినవాడు వస్తాడు. పదకొండు నెలలు తాళం పడి ఉన్న ఇళ్లు తెరుచుకుంటాయి. ప్రైవేటు బస్సు వాడికి పండగంటే మన జేబు. రిజర్వేషన్ దొరకని కుర్రాడు సికింద్రాబాదు నుంచి జనరల్ పెట్టెలో ఒంటికాలి మీద నిలబడి వస్తాడు. ఎందుకొస్తాడు? అమ్మోరు వరం ఇస్తుందనా? ఊళ్లో వాడి వంతు ఒకటుంది. ఘటం వెనక నడిచే వంతు, పందిరికి రాట మోసే వంతు. ఆ నగరంలో వాడు ఎవడికీ లెక్కలో లేని మనిషి. ఇక్కడ వాడు రాకపోతే "ఫలానా వాళ్ల గుంటడు రాలేదేటి?" అని నలుగురు అడుగుతారు.

పేర్లలోనే ఉంది

మన ఓటర్ల జాబితా తిరగెయ్యండి. అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనర్స, సింహాచలం. నూకరాజు, నూకరత్నం. పైడిరాజు, పైడితల్లి. పోలమ్మ. సింహాద్రి అప్పన్న, అనకాపల్లి నూకాలమ్మ, విజయనగరం పైడితల్లి, శంబర పోలమాంబ. మన దేవుళ్లు గుళ్లలో కన్నా రేషన్ కార్డుల్లో ఎక్కువ ఉన్నారు. పిల్లలు పుట్టి దక్కకపోతే అమ్మోరికి మొక్కుకుని పెట్టుకున్న పేర్లవి. ఒక్కో పేరు వెనక ఓ తల్లి కడుపుకోత ఉంటుంది.

తెలుగు సినిమా ఈ పేర్లను ఏం చేసింది? అప్పల్రాజంటే పనివాడు. నూకరాజంటే తెలివితక్కువవాడు. మన యాస మాట్లాడితే హాలు నవ్వాలి. పదవ తరగతి సర్టిఫికెట్టులో నూకరాజుగా ఉన్న మా స్నేహితుడొకడు హైదరాబాదు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే 'రాజు' అయిపోయాడు. తప్పు వాడిదనను. నవ్వినవాళ్లను అడుగుతున్నాను. మీరు నవ్వింది వాడి పేరు చూసి కాదు, వాడి తల్లి మొక్కును చూసి.

పత్రికల్లో పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ తప్పు కూడా చెప్పాలి. సంక్రాంతి అంటే మెయిన్ పేజీలో గోదావరి జిల్లాల కోళ్ల పందేలు, కొత్తల్లుడికి వందల రకాల పిండివంటలు. ఛానళ్లన్నీ భీమవరంలో మకాం. మన ఊళ్లలో పెద్ద పండగనాడు చనిపోయిన పెద్దలకు కొత్తబట్టలు పెట్టి, వాళ్ల పేర్లు తలుచుకుని, ఆ బట్టలు ఇంట్లోవాళ్లు కట్టుకునే ఆచారం ఉంది. ఎన్నిసార్లు చూపించారు? మన పండగ వార్త జిల్లా టాబ్లాయిడ్ దాటదు. జిల్లా దాటితే మన అమ్మోరు ఉన్నట్టు కాదు. ఒకసారి నేను పంపిన జాతర కథనం పక్క జిల్లా ఎడిషన్‌లోకి కూడా పోలేదు. అడిగితే "అది లోకల్ కదండీ" అన్నారు. మరి కోడిపందెం ఎప్పుడు జాతీయమైంది?

క్యూలో చచ్చేదెవరు?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

2025 జనవరి 8 రాత్రి తిరుపతి. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం జనాన్ని గుమిగూర్చారు. గేటు తీసిన క్షణంలో తొక్కిసలాట. ఆరుగురు పోయారు. ఆ ఆరుగురిలో విశాఖ వైపు ఆడవాళ్లున్నారు, మన నర్సీపట్నం మనిషి ఒకరున్నారు. దేవుడి దర్శనం కోసం కూడా కాదు, దర్శనానికి చీటీ కోసం నిలబడి చచ్చిపోయారు. వాళ్ల శవాలు ఎన్ని వందల కిలోమీటర్లు వెనక్కి ప్రయాణం చేశాయో లెక్కేసుకోండి.

అదే ఏడాది ఏప్రిల్ 30. అక్షయ తృతీయ. సింహాచలం చందనోత్సవం. ఏడాదంతా చందనం పూతలో ఉండే అప్పన్న నిజరూపం కనిపించేది ఆ ఒక్కరోజే. మన ఇళ్లలో "ఒక్కసారి నిజరూపం చూసి పోతే చాలు" అనే ముసలివాళ్లు ఎంతమందో. అర్ధరాత్రి దాటాక గాలీ వానా. మూడొందల రూపాయల టికెట్టు క్యూలో నిలబడ్డవాళ్ల మీద గోడ కూలింది. ఏడుగురు. ఆ గోడ పాతకాలం గోడ కాదు. పండగకు కొద్దిరోజుల ముందు హడావిడిగా లేపిన గోడ. విచారణ కమిటీ వేశారు, అధికారుల్ని సస్పెండ్ చేశారు, కుటుంబానికి పాతిక లక్షలు ప్రకటించారు. మన ప్రాంతంలో మనిషి బతికుండగా ఎవరూ లెక్కెయ్యరు గానీ పోయాక లెక్క మాత్రం చకచకా కడతారు.

నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ. కార్తీక ఏకాదశి. వెంకటేశ్వరస్వామి గుడి మెట్ల దగ్గర రెయిలింగు ఊడి జనం జనం మీద పడ్డారు. తొమ్మిది మంది. ఎక్కువమంది ఆడవాళ్లే. అది ప్రైవేటు గుడి, మాకు చెప్పలేదు, మా పరిధి కాదు అని జవాబు. దేవాదాయ శాఖ గుడిలో గోడ కూలితే అది వాన తప్పు. ప్రైవేటు గుడిలో రెయిలింగు ఊడితే యజమాని తప్పు. మరి సర్కారు పరిధి ఎక్కడ మొదలవుతుంది? హుండీ దగ్గరా?

సింహాచలంలో, కాశీబుగ్గలో కలిపి ఒక్క ఏడాదిలో పదహారు ప్రాణాలు ఉత్తరాంధ్ర గడ్డ మీదే పోయాయి. వీళ్లలో పాసు మీద వచ్చినవాడు ఎవడైనా ఉన్నాడా? ప్రోటోకాల్ వాహనంలో గుడి ముంగిట దిగినవాడు ఉన్నాడా? ఉండడు. ఎందుకంటే వాడి దారి వేరు. చందనోత్సవానికి టికెట్టు ధరను బట్టి క్యూలు వేరు, వీటన్నిటినీ తోసుకుపోయే పాసుల వరస వేరు, అన్నిటికన్నా వెనక ఉచితం. 2023 చందనోత్సవంలో పాసుల గందరగోళం మీద భక్తులు రోడ్డెక్కి అరిచారు. స్వాములే కన్నెర్ర చేశారు. ఆ అరుపులు విని నేర్చుకున్నదేమిటో 2025లో చూశాం.

లక్షల మంది వస్తే ఏం చేస్తారయ్యా, క్యూ లేకుండా కుదురుతుందా, టికెట్టు పెడితేనే రద్దీ అదుపులో ఉంటుంది అని చదువుకున్న మిత్రులు అంటారు. ఎన్జీవో మిత్రుడొకరు నాతో గట్టిగానే వాదించారు. సరే, సింహాచలానికే పోదాం. ఆషాఢ పౌర్ణమి ముందు గిరి ప్రదక్షిణ. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. లక్షల మంది, రాత్రంతా, వానలో నడుస్తారు. దానికి టికెట్టుందా? పాసుందా? కోటీశ్వరుడైనా కూలివాడైనా ఒకటే తారు రోడ్డు, ఒకటే బొబ్బలు. దారి పొడుగునా కాలనీలవాళ్లు మజ్జిగ ఇస్తారు, మంచినీళ్లు ఇస్తారు, కాళ్లకు నూనె రాస్తారు. రద్దీ కాదు మనిషిని చంపేది. ఒకే ఒక్క గేటు పెట్టి, ఆ గేటును పెద్దమనుషుల కోసం మూసి, ఒక్కసారి తెరవడం చంపుతుంది. నాసిరకం గోడ చంపుతుంది. రద్దీ మీద నెపం పెట్టడం సుఖం, ఎందుకంటే రద్దీని సస్పెండ్ చెయ్యనక్కర్లేదు.

జీవో వచ్చింది, వేదికొచ్చింది

2025 మార్చిలో అనకాపల్లి నూకాంబిక కొత్త అమావాస్య జాతరను రాష్ట్ర పండుగగా ప్రకటించారు. అందరం సంతోషించాం. నేనూ ఫోన్లో నలుగురికి చెప్పాను. ఉగాది ముందురోజు అమావాస్య. గవరపాలెంలో ఆ రోజు మొదలైతే నెల రోజులు జాతర. నాతవరం, నర్సీపట్నం, చోడవరం, యలమంచిలి పల్లెల నుంచి ఆటోల్లో, ట్రాక్టర్లలో జనం. పసుపు బట్టలు, చంకలో కోడి, నెత్తిన బిందె. తరతరాలుగా ఏ సర్కారూ కార్డు వెయ్యకుండానే నడిచిన జాతర అది. జీవో వచ్చిందని అమ్మోరు పెద్దది కాలేదు. రాకముందు చిన్నదీ కాదు.

మన పాడేరు మోదకొండమ్మకూ గుర్తింపిచ్చారు. పైడితల్లి సిరిమానోత్సవానికీ ఇచ్చారు. ఇచ్చాక ఏమొచ్చింది? పట్టువస్త్రాలు పట్టుకుని మంత్రి వస్తాడు. మంత్రి వస్తే బారికేడు వస్తుంది. బారికేడు వస్తే ఘటం ఎత్తుకున్న ఆడమనిషి పక్కకు జరగాలి. గుడి గోపురం కనపడకుండా ఫ్లెక్సీలు. అమ్మోరి బొమ్మ తమలపాకంత, ఎమ్మెల్యే బొమ్మ తలుపంత. జాతరకు నిధులిస్తే ముందు కట్టేది వేదిక. మరుగుదొడ్లు ఎన్ని? తాగునీటి కుళాయిలు ఎన్ని? రాత్రి చివరి బస్సు ఎన్నింటికి? ఇవి మాత్రం సమీక్షా సమావేశం ప్రెస్ నోట్‌లో చివరి వాక్యం.

సిరిమాను సంగతి వేరేగా చెప్పాలి. దసరా తర్వాత వచ్చే మంగళవారం. అమ్మ కలలో కనిపించి ఫలానా చోట చింతమాను ఉందని పూజారికి చెబుతుందని నమ్మకం. ఆ మానును తెచ్చి చెక్కి, యాభై అరవై అడుగుల కొయ్య కొసన ఆసనం కట్టి పూజారిని కూర్చోబెడతారు. మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవాళ్ల వల. తొలేళ్లనాడు రైతులకు విత్తనాలు పంచుతారు, ఆ గింజలు తీసుకుపోయి సొంత విత్తనాల్లో కలుపుకుంటారు. 1757 బొబ్బిలి యుద్ధం, విజయరామరాజు చావు, అన్న కోసం తపించిన చెల్లెలు పైడిమాంబ... ఈ కథ విజయనగరంలో ఏ రిక్షావాడిని అడిగినా చెబుతాడు.

ఆ కొయ్య అంత పొడుగు ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? గుళ్లోకి పోలేనివాడు కూడా చూడాలని. వీధి చివర నిలబడ్డ ముసలమ్మ తల పైకెత్తితే చాలు, అమ్మ కనిపిస్తుంది. ఒక్కసారి చూడలేకపోతే మూడుసార్లు తిరుగుతుంది. ఇది మన పెద్దవాళ్లు చేసిన ఏర్పాటు. ఇందులో ముందు వరస లేదు. మరి దాన్ని చూడటానికి పెద్దలకు వేదికలెందుకు? 2025 అక్టోబరు 7న సిరిమానోత్సవంలో నాయకులు కూర్చున్న వేదిక ఒకటి కూలింది. ప్రాణాలు పోలేదు, అదృష్టం. కానీ దాని మీద రేగిన రచ్చ ఏమిటి? మా నాయకుడికి కావాలని అలాంటి వేదిక కట్టారని ఒకరు, కాదని ఒకరు. నేల మీద నిలబడి ఉంటే కూలేదేముందని ఒక్కడూ అనలేదు.

తెలంగాణను చూసి నేర్చుకోమంటారు. తప్పకుండా చూద్దాం. అక్కడ బతుకమ్మను రోడ్డు మీదికి తెచ్చింది సర్కారు కాదు, ఉద్యమంలో ఉన్న ఆడవాళ్లు. ట్యాంక్‌బండ్ మీద, కాలేజీల్లో, ఆఫీసుల ముందు తంగేడు పూలతో ఆడారు. 2014 జూన్‌లో రాష్ట్రం వచ్చిన నెలలోనే బతుకమ్మ, బోనాలు రాష్ట్ర పండుగలయ్యాయి. ముందు జనం ఆడారు, తర్వాత జీవో వచ్చింది. ఆ వరస ముఖ్యం. ఆ తర్వాత అక్కడా అధికారిక బతుకమ్మలకు వేదికలు, లైట్లు, ఎవరు ముందు నిలబడాలన్న తగాదాలు వచ్చిపడ్డాయి. రాష్ట్రం వస్తే పండగ తనంతట తానే బాగుపడుతుందని నమ్మే మన కుర్రాళ్లు ఆ రెండో సంగతి కూడా చూడాలి. నేను ధర్నాల్లో కూర్చున్నవాణ్ణే, లాఠీ తిన్నవాణ్ణే. అందుకే చెబుతున్నాను.

మన గడప ముందు చెత్త

పరాయివాణ్ణి తిట్టడం సులువు. మన ఊళ్లలో ఏం జరుగుతోంది?

ఊరికి రెండు పార్టీలు, రెండు చందా పుస్తకాలు. కొన్నిచోట్ల ఒకే అమ్మోరికి రెండు పందిళ్లు. ఘటం అన్ని వీధులూ తిరుగుతుందని పైన గొప్పగా రాశాను. కొన్ని ఊళ్లలో ఆ ఘటం దళితవాడ మొదట్లో ఆగి వెనక్కి తిరుగుతుంది. ఆ మాట కూడా రాయకపోతే నా రాత అబద్ధం. డప్పు లేకుండా అమ్మోరు కదలదు. ఆ డప్పు కొట్టిన మనిషి మాత్రం గుడి బయట నిలబడాలి. పాసుల వరస పట్నంలోనే పుట్టిందా? మన ఊళ్లో అంతకుముందే ఉంది, దానికి కాగితం అక్కర్లేకపోయింది, అంతే.

ఇప్పుడు ఆ డప్పునూ పక్కకు తోసేశారు. డీజే పెట్టెలు వచ్చాయి. లారీ మీద గోడలా పేర్చి సినిమా పాటలు పెడితే తొలేళ్ల రాత్రి పాలిచ్చే తల్లులు పసిపిల్లల చెవులు మూసుకుని కూర్చుంటున్నారు. తప్పెటగుళ్లవాళ్లకు పిలుపు లేదు. జముకు వాయించేవాడు ఎవడైనా ఉన్నాడా అని వెతికితే పక్క మండలం పేరు చెబుతారు.

ఈ మధ్య మా వైపు ఓ పల్లెలో పండగ తెల్లారి డప్పుల తాతతో మాట్లాడాను. గుడికి దూరంగా చింతచెట్టు కింద డప్పు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏటి తాతా, ఈసారి నీ దరువు వినపడలేదే?"

"ఎక్కడినుంచి వినపడతాది బాబూ? ఆ పెట్టెలు మోగతా ఉంటే నా డప్పు నాకే వినపళ్లేదు. ఘటం లేపేటప్పుడు మాత్తరం కొట్టమన్నారు. రెండు నిమిషాలు. పోటో తీసుకున్నారు."

"ఎంతిచ్చారు?"

"ఆ పెట్టెలోడికి ముప్పై ఏలంట. నాకు ఎయ్యి. మా అయ్య కాలంలో గింజలిచ్చీవోరు, ఊరందరూ తలో కుంచం. ఇప్పుడు గింజలూ లేవు." కాసేపు ఆగి, "మా మనవడికి నేర్పుదారంటే సిగ్గంట వాడికి. ఇశాపట్నంలో మాల్లో పనిసేత్తన్నాడు. సెలవు దొరక్క పండక్కి రాలేదు" అన్నాడు.

డప్పు కళాకారులకు పింఛనుంది, 2024 జూలై నుంచి నెలకు నాలుగు వేలు. తాతను అడిగాను. కళాకారుణ్ణని కాగితం కావాలన్నారట. నలభై ఏళ్లు అమ్మోరిని లేపిన మనిషి దగ్గర కాగితం లేదు. ఎవరిస్తారు కాగితం? అమ్మోరు సంతకం పెడుతుందా?

కాబట్టి అడగాల్సింది ఇంకో జీవో కాదు. రాష్ట్ర పండుగ అన్నారు కదా, ఆ మాట మీద నిలబడమందాం. కొత్త అమావాస్యకు గవరపాలెంలో, చందనోత్సవానికి సింహాచలంలో పాసులు రద్దు చెయ్యండి. మంత్రి దర్శనానికి రావచ్చు, క్యూలో రావాలి. పండగ కోసం కట్టే ప్రతి గోడకూ, రెయిలింగుకూ కాంట్రాక్టరు పేరు, సంతకం చేసిన ఇంజినీరు పేరు బోర్డు మీద పెట్టండి. ఆలయ కమిటీల్లో ఓడిన నాయకుడి బావమరిదికి కాదు, ఘటం చేసే కుమ్మరికి, డప్పు కొట్టేవాడికి, వల పట్టే బెస్తవాడికి చోటివ్వండి. వేదిక డబ్బుతో తప్పెటగుళ్లను, జముకులను పిలిచి కూలి ఇవ్వండి. జాతర రోజుల్లో నాతవరం, గొలుగొండ, రోలుగుంట పల్లెలకు రాత్రి బస్సులు వెయ్యండి. ఇందులో ఏ ఒక్కటీ కోట్ల పని కాదు.

మనవైపు నుంచి కూడా ఒక పని ఉంది. విద్యార్థి సంఘాల తమ్ముళ్లకు, ఉద్యోగ సంఘాల పెద్దలకు అది చెప్పాలి. పండక్కి మీ ఊరెళ్లినప్పుడు రాత్రి ఘటంతో నడవండి. అది దళితవాడ మొదట్లో ఆగితే మీరూ అక్కడే ఆగి, లోపలికి తీసుకుపోదామని గట్టిగా అడగండి. కొడతారేమో. మన ధర్నాల్లో పోలీసులు కొట్టలేదా? డీజేకి చందా ఇవ్వకండి, తాతకు ఇవ్వండి. ఫలానా మనిషి ఇన్నేళ్లుగా మా అమ్మోరి డప్పు కొడుతున్నాడని ఊరు ఊరంతా సంతకాలు పెట్టి కాగితం రాయండి. కాగితం కావాలన్నవాళ్ల బల్ల మీద అది పెడదాం.

ఆ చింతచెట్టు కింది తాత కాగితం నేనే రాశాను. మొన్నటికి నూట పన్నెండు సంతకాలు, అరవై ఏడు వేలిముద్రలు పడ్డాయి. వచ్చే సోమవారం నర్సీపట్నం తీసుకెళ్తున్నాం. తాత డప్పు కూడా తెస్తానన్నాడు.